ఫ్రైబర్గ్ నేర్పిన రాళ్ల చదువు

జర్మనీ తూర్పు భాగంలో సాక్సనీ అనే రాష్ట్రముంది. అందులో ఫ్రైబర్గ్ ఓ మోస్తరు పట్టణం. 1168 ప్రాంతంలో అక్కడ వెండి బయటపడింది. అప్పట్నుంచి శతాబ్దాల తరబడి ఆ ఊరి బతుకంతా నేల కిందే సాగింది. దీపపు వెలుతురులో ఏ రాయిలో వెండి ఉందో, ఏది వట్టి రాయో గని కూలీ చెప్పగలిగేవాడు. తండ్రి పక్కన నిలబడి కొడుకు ఆ నేర్పు పట్టుకునేవాడు. అయితే ఒకే ఖనిజానికి ఈ గనిలో ఒక పేరు, పక్క గనిలో మరో పేరు. గని దాటిందంటే ఆ నేర్పుకు భాష ఉండేది కాదు.

ఆ భాష కోసం మొదట గట్టిగా ప్రయత్నించినవాడు ఒక వైద్యుడు. 1527లో యోఆకిమ్‌స్తాల్ అనే గనుల ఊళ్లో వైద్యం చేయడానికి వచ్చిన జార్జియస్ అగ్రికోలా, రోగులతో పాటు రాళ్లనూ పరీక్షించాడు. 1546లో వెలువడిన తన గ్రంథంలో ఖనిజాలను రంగు, తళుకు, బరువు, గట్టిదనం, వాసన, రుచి వంటి గుణాలతో వర్ణించాడు. రాళ్లకు మహిమలు అంటగట్టి రాసే ఆ కాలంలో ఇది పెద్ద మలుపు.

ఆ తర్వాత రెండు శతాబ్దాలకు ఏడేళ్ల యుద్ధం సాక్సనీని చితికించింది. 1763లో యుద్ధం ముగిసేసరికి ఖజానా ఖాళీ. మిగిలిన ఆశ గనులే. వాటిని శాస్త్రీయంగా నడిపే మనుషులు కావాలని 1765లో ఫ్రైబర్గ్‌లో గనుల విద్యాలయం పెట్టారు. అది ఇవాళ్టికీ విశ్వవిద్యాలయంగా నడుస్తోంది.

అక్కడ చదువుకున్న అబ్రహాం గోట్లోబ్ వెర్నర్ 1774లో, పాతికేళ్ల ప్రాయంలో, ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. ఖనిజాల బాహ్య లక్షణాలు దాని విషయం. రాయిని కరిగించకుండా, కాల్చకుండా, చేతిలో పట్టుకుని గుర్తించడం ఎలాగో ఇంత పద్ధతిగా అంతకుముందు ఎవరూ చెప్పలేదు. రంగు చూడాలి. తళుకు లోహంలా ఉందా, గాజులా ఉందా, ముత్యంలా ఉందా గమనించాలి. విరిగిన చోటు గవ్వలా వంపు తిరిగిందా, గరుకుగా ఉందా చూడాలి. వేలితో రుద్దితే జిడ్డుగా తగులుతుందా? నాలుకకు అంటుకుంటుందా? తాకితే ఎంత చల్లగా ఉంది? ఇలా ప్రతి గుణానికీ స్థిరమైన పదాలు, వాటికో క్రమం ఏర్పరిచాడు. మరుసటి ఏడాదే విద్యాలయం అతన్ని ఉపాధ్యాయుడిగా పిలిచింది. 1817లో చనిపోయేదాకా వెర్నర్ అక్కడే పాఠం చెప్పాడు.

ఆ పాఠం వినడానికి యూరప్ నలుమూలల నుంచీ కుర్రాళ్లు వచ్చారు. 1791లో వచ్చిన అలెగ్జాండర్ ఫన్ హంబోల్ట్ పొద్దున గనిలోకి దిగేవాడు, మధ్యాహ్నం తరగతిలో కూర్చునేవాడు. నొవాలిస్ అనే కలం పేరుతో ప్రసిద్ధుడైన కవి కూడా ఈ విద్యార్థుల్లో ఒకడు. ఎడిన్‌బరో నుంచి వచ్చిన రాబర్ట్ జేమ్సన్ ఈ పద్ధతిని స్కాట్లాండ్‌కు తీసుకెళ్లాడు. అక్కడ పాట్రిక్ సైమ్ అనే చిత్రకారుడు వెర్నర్ రంగుల పేర్లకు పూల, పక్షుల ఉదాహరణలు చేర్చి పుస్తకం చేశాడు. 1821 నాటి కూర్పులో 110 రంగులున్నాయి. చార్లెస్ డార్విన్ బీగిల్ ఓడలో ఆ పుస్తకాన్ని వెంట ఉంచుకున్నాడు.

వెర్నర్ పొరపాటు కూడా చిన్నది కాదు. నల్లరాయిగా మనం చూసే బసాల్ట్‌తో సహా భూమి మీది శిలలు దాదాపు అన్నీ ఆదిమ సముద్రపు నీటి నుంచి పేరుకున్నవేనని అతని వాదం. అగ్నిపర్వతాలను కళ్లారా చూశాక హంబోల్ట్, లియోపోల్డ్ ఫన్ బుఖ్ వంటి శిష్యులే ఆ వాదాన్ని వదిలేశారు. సిద్ధాంతం పోయింది, రాయిని చూసే పద్ధతి నిలిచింది. నా లెక్కలో ఆ రెండోదే పెద్ద ఆస్తి.

ఎందుకంటే రంగు ఒక్కదాన్నే నమ్మితే మోసపోక తప్పదు. పలుగురాయి తెల్లగా ఉంటుంది, ఊదాగా ఉంటుంది, పొగ రంగులోనూ దొరుకుతుంది. హెమటైట్ ఒకచోట ఉక్కులా మెరుస్తుంది, మరోచోట ఎర్రమట్టిలా ఉంటుంది. కానీ మెరుపు పూత లేని పింగాణీ పలక మీద గీస్తే ఏ హెమటైట్ అయినా ఎరుపు చారే వదులుతుంది. బంగారంలా భ్రమపెట్టే పైరైట్ గీత నలుపు, బంగారం గీత పసుపే. మన కంసాలి గీటురాయి మీద చేసిన పని కూడా ఈ కోవలోదే. ఆకుపచ్చ, నీలం, ఊదా రంగుల్లో దొరికి వేరే రాళ్లుగా పొరపడేలా చేసిన ఒక ఖనిజానికి, మోసం అనే అర్థమున్న గ్రీకు మాటతో వెర్నర్ 1786లో అపటైట్ అని పేరు పెట్టాడు.

గట్టిదనం సంగతి తేల్చినవాడు వెర్నర్ శిష్యుడు ఫ్రెడరిక్ మోస్. 1802లో వియన్నాలో ఒక బ్యాంకరు సేకరించిన ఖనిజాలకు పట్టిక రాసే పని చేశాడు. వేల రాళ్లను వరుసలో పెట్టాలంటే తూచినట్టు చెప్పగల గుణం కావాలి. 1812లో ఆయన పది ఖనిజాల మెట్లు కట్టాడు. మొదటి మెట్టు బలపపు రాయి. ఆపైన జిప్సం, కాల్సైట్, ఫ్లోరైట్, అపటైట్, ఫెల్డ్‌స్పార్, పలుగురాయి, పుష్యరాగం, కురువిందం. పదోది వజ్రం. పై మెట్టు రాయి కింది మెట్టు రాయిని గీస్తుంది, అంతే సూత్రం. గోరు రెండున్నర దగ్గర, చాకు అయిదున్నర దగ్గర నిలుస్తాయి కాబట్టి జేబులో ఉన్నవాటితోనే సగం పని అయిపోతుంది. ఇది వరుస మాత్రమే, కొలత కాదు. తొమ్మిదికీ పదికీ మధ్య దూరం మిగతా మెట్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

గీతను తట్టుకోవడం వేరు, దెబ్బను తట్టుకోవడం వేరు. వజ్రానికి కొన్ని దిశల్లో నున్నగా చీలే గుణముంది. వానలు పడగానే వజ్రకరూరు, జొన్నగిరి చేలల్లో మెరిసే రాయి కోసం వెతికేవారు ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలి: సుత్తితో కొడితే అసలైన వజ్రం కూడా పగులుతుంది.

ఇంద్రియాల హద్దులను కూడా ఫ్రైబర్గే చూపించింది. 1863లో అక్కడి ప్రొఫెసర్ ఫెర్డినాండ్ రైఖ్, స్థానిక ఖనిజంలో కొత్త మూలకం కోసం వర్ణపటం పరీక్షించాలనుకున్నాడు. ఆయనకు రంగులు సరిగా కనిపించవు. అందుకే సహాయకుడు థియోడోర్ రిక్టర్‌ను చూడమన్నాడు. ఎవరూ ఎరగని నీలిమందు రంగు గీత కనిపించింది. అదే ఇండియం. 1885లో ఆ ఊరి హిమ్మెల్స్‌ఫ్యూర్స్ట్ గనిలో దొరికిన ఖనిజాన్ని ఆల్బిన్ వైస్‌బాఖ్ కొత్తదని గుర్తించి, ఆర్గైరొడైట్ అన్నాడు. క్లెమెన్స్ వింక్లర్ దాన్ని విశ్లేషిస్తే, ఎన్నిసార్లు చేసినా మొత్తంలో దాదాపు 7 శాతం లెక్క తేలలేదు. 1886 ఫిబ్రవరిలో ఆ లోటు జెర్మేనియం అనే మూలకంగా తేలింది. మూలకాల ఆవర్తన పట్టికలో మెండలీవ్ ముందే ఊహించి ఖాళీ ఉంచిన గడి అలా నిండింది.

ఇప్పుడు ఎక్స్‌రే యంత్రాలు స్ఫటికాల లోపలి అమరికను చెబుతున్నాయి. అయినా భూగర్భశాస్త్ర విద్యార్థి మొదటి పాఠం ఇవాళ్టికీ చేతిలో రాయి, చాకు, భూతద్దం, పింగాణీ పలక. ఆ పాఠానికి తెలుగు జిల్లాల్లో కొరతేముంది? మంగంపేట ముగ్గురాయిని చేతిలోకి తీసుకుంటే అదే పరిమాణపు పలుగురాయి కంటే ఎంత బరువో తెలుస్తుంది. దాని సాంద్రత 4.5, పలుగుది 2.65. గూడూరు అభ్రకం రేకులుగా లేచి, వంచితే మళ్లీ నిటారవుతుంది. కాల్సైట్ మీద పలుచని ఆమ్లపు చుక్క పడితే బుసబుస పొంగుతుంది. ప్రతి హైస్కూలు సైన్సు గదిలోనూ తమ జిల్లా రాళ్లతో ఒక పెట్టె ఉండాలి. గాజు బీరువాలో తాళం వేసి కాదు, పిల్లలు పట్టుకుని గీసి చూసేందుకు.