పగడాల చుట్టరికం

రెండేళ్ళ క్రితం మా అన్నయ్యకి కిడ్నీ మార్పిడి చెయ్యాలన్నారు. నేనిస్తానన్నాను. క్రాస్‌మ్యాచ్ కుదరలేదు. ఒకే కడుపున పుట్టి, ఒకే గదిలో పెరిగినవాళ్ళం. అన్నయ్య రక్తం లెక్కలో మాత్రం నేను పరాయివాణ్ణి. చివరికి అక్క ఇచ్చింది. ఆపరేషన్ రోజు వరండాలో కూర్చుని, తనవాళ్ళెవరో ఒంటికెలా తెలుస్తుందా అని ఫోన్లో చదవడం మొదలుపెట్టాను. ఎక్కడెక్కడో తిరిగి పగడాల దగ్గర తేలాను.

కథ మొదలైంది మాత్రం సముద్రంలో కాదు, ఆసుపత్రిలోనే. కాలిన గాయాలతో ఉన్న ఒకామెకి ఆమె సోదరుడి చర్మం అతికించిన ఉదంతాన్ని గ్లాస్గో నుంచి టామస్ గిబ్సన్, పీటర్ మెడావర్ 1943లో ప్రచురించారు. ఆ చర్మం నిలవలేదు. రెండోసారి అతికిస్తే ఇంకా త్వరగా పాడైపోయింది. అంటే శరీరం పరాయిదాన్ని గుర్తుపట్టడమే కాదు, గుర్తుపెట్టుకుంటుంది కూడా.

గోల్డ్‌ఫిష్ పొలుసుల్ని ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చి పరీక్షించిన విలియం హిల్డెమన్, తర్వాత ఇదే ప్రశ్నతో పగడాల వైపు తిరిగాడు. పగడపు కాలనీ అంటే ఒక లార్వా నుంచి మొదలై మొగ్గలు తొడుగుతూ పెరిగిన పాలిప్‌ల గుంపు. అది కదల్లేదు. ఎండ తగిలే చోటు కావాలంటే పక్కవాడి మీదకి జరగాల్సిందే. పొలం గట్టు తగాదాలు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

హిల్డెమన్ బృందం మాంటిపోరా అనే పగడాన్ని తీసుకుంది. ఒకే కాలనీ ముక్కల్ని ఆనించి కడితే అతుక్కుని ఒకటైపోయాయి. అదే జాతిలో వేరే కాలనీ ముక్కైతే, ఆనుకున్నచోట కణజాలం చచ్చిపోయింది. అవే రెండు కాలనీల ముక్కల్ని మళ్ళీ కలిపితే ఈసారి త్వరగా చచ్చింది. అచ్చం గ్లాస్గో చర్మంలాగే! ఇది 1977లో 'నేచర్' పత్రికలో వచ్చింది. ఈ జ్ఞాపకం అన్ని జాతులకీ ఉందని చెప్పలేం. గుర్తుపట్టడం మీద మాత్రం పేచీ లేదు.

నన్ను పట్టుకున్నది 1997 నాటి ఇంకో పని. ఫ్రాంక్, ఓరెన్, లోయా, రింకెవిచ్ అనే ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు ఎర్రసముద్రపు స్టైలోఫోరా పగడం పిల్లల్ని పక్కపక్కన పెంచి చూశారు. రెండు నెలలలోపు తోబుట్టువులు తగిలితే కలిసిపోయాయి. రెండు, నాలుగు నెలల మధ్య కలిసినవి కొన్నాళ్ళకి విడిపోయాయి. నాలుగు నెలలు దాటాక కలవనే లేదు.

ప్రోగ్రాములు రాసుకునే నాలాంటివాడు, లాగిన్ తనిఖీ మొదటిరోజు నుంచే ఉంటుందనుకుంటాడు. ఇక్కడ తలుపులు ముందు తెరిచి, తర్వాత మూశారు. ఎందుకో ఊహించొచ్చు. పసి పగడం చాలా చిన్నది. రెండు కలిస్తే ఒక్కసారిగా పెద్దదౌతుంది, బతికే అవకాశం పెరుగుతుంది. ఎదిగాక లెక్క మారుతుంది. కలుపుకున్నవాడి కణాలు మన తిండి తిని తన పిల్లల్ని కనొచ్చు.

పసితనంలో ఇలాంటి తెరిచిన తలుపు ఎలుకలకీ ఉంది. పుట్టకముందే పరాయి ఎలుక కణాలు ఎక్కించిన పిల్లలు, పెద్దయ్యాక ఆ జాతి ఎలుకల చర్మాన్ని తోసిపుచ్చలేదని మెడావర్ బృందం 1953లో చూపించింది.

ఇదంతా అన్నయ్యకి చెప్తే, రాత్రి వేసుకోవాల్సిన మాత్రలు లెక్కపెట్టుకుంటూ అన్నాడు: "మనిద్దరికీ నాలుగేళ్ళ తేడా కదరా. నువ్వు వచ్చేసరికే నా తలుపు మూసేశారన్నమాట."