పెదనందిపాడు శిస్తు – లండను ఓటు

1921లో బ్రిటనునందు పన్నులభారమునకు విసిగిన ఓటర్లు కొన్ని ఉపఎన్నికలలో ప్రభుత్వపక్షమును ఓడించిరి. లాయిడ్ జార్జి ప్రభుత్వము దిగివచ్చి, వ్యయము తగ్గించుటకై గెడ్డిస్ సంఘమును నియమించెను.

అదే ప్రభుత్వమునకు లోబడిన గుంటూరు మండలపు నల్లరేగడి రైతునకు ఆ మార్గము లేదు. 1919 చట్టము మనలో కొందరికి ఓటు నిచ్చినను, భూమిశిస్తును మంత్రులకు అప్పగింపక గవర్నరు చేతనే ఉంచినది.

1922 జనవరిలో పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వమున శిస్తు నిలిపివేసిరి. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చిరి. కలెక్టరు రూథర్‌ఫర్డు జప్తులకు దిగెను. ఫిబ్రవరిలో ఉద్యమము ఆగినది, శిస్తు చెల్లినది.

పన్ను నిచ్చువాని మాట పన్నుపై చెల్లవలెనని ఆ పల్లెలు కోరినవి. నేడు ఓటు వేయునపుడెల్ల మనము ఆ కోరికనే నెరవేర్చుకొనుచున్నాము.