కలివికోడి కథ

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో గ్రంథములు పొరబడిన వృత్తాంత మొకటి వ్రాయబూనితిని. చదువరులు మన్నింతురు గాక.

కడప జిల్లాలో పెన్నానదికి చేరువనున్న చిట్టడవులలో కలివికోడి యను చిన్న పక్షి యుండును. కలివిపొదల నడుమ తిరుగునది గనుక ఆ పేరు వచ్చెను. ఇది ఎగురుట కంటె నేలపై పరుగిడుటయే యెక్కువ. మదరాసు సైన్యమున వైద్యుడైన జెర్డన్ దొర దీనిని కనుగొనగా, బ్లైత్ అను పండితుడు 1848లో దీనిని వర్ణించి, రొమ్మున గల రెండు పట్టెలను బట్టి శాస్త్రనామ మిడెను. పెన్నా గోదావరీ లోయలలో అచ్చటచ్చట కనబడుచు వచ్చి, 1900లో అనంతపురము సమీపమున అగపడినదే కడసారి యని గ్రంథములలో నిలిచిపోయినది. అటుపిమ్మట ఇది నశించినదనియే పెక్కురు తలచిరి. కోలారు బంగారుగనుల ప్రాంతము నుండి 1917లో సేకరింపబడిన గ్రుడ్డొకటి స్కాట్లండులోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయమున పడియుండెను గాని, అది కలివికోడి గ్రుడ్డేయని 2013లో గాని లోకమునకు వెల్లడి కాలేదు.

వెదకినవారు లేకపోలేదు. అయితే ఇది రాత్రివేళ సంచరించు పక్షి. పగటి వెదకులాటకు చిక్కదు.

1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ సిద్ధవటము ప్రాంతమున పల్లెవారిని విచారించుచు తిరుగుచుండగా, అడవి నెరిగిన స్థానికు డొకడు రాత్రి టార్చిలైటు వెలుగున ఈ పక్షిని సజీవముగా పట్టెను. వార్త విని వృద్ధుడైన సలీం అలీ బయలుదేరి వచ్చెను గాని, ఆయన చేరులోపలనే అది ప్రాణము విడిచెనట. ఎనుబదియైదేండ్లు శాస్త్రమునకు లేని పక్షి ఆ పల్లెలకు మాత్రము కొత్తది కాదు. వారిని అడిగినవారే అంతవరకు అరుదు.

1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడెను. ఆ సమయముననే ఆ సీమకు తెలుగుగంగ వచ్చుచుండెను. మదరాసు దాహము తీర్చుటకును, దారిలోని మెట్టభూములను తడుపుటకును 1983లో ఆరంభింపబడిన పథకమది. ఆకాశము వంక చూచి విత్తు చల్లు రాయలసీమ రైతునకు కాలువ యనిన ప్రాణముతో సమానము. గుప్పెడు పిట్ట కొరకు నీరాపుదురా యని యతడు అడిగిన, ఆ ప్రశ్నను నేను తేలికగా త్రోసిపుచ్చజాలను. 2005 ప్రాంతమున కాలువ త్రవ్వకము ఈ పక్షి తిరుగు నేలకు చేరగా, వ్యవహారము సుప్రీంకోర్టు వరకు పోయెను. తుదకు కాలువ దారి మార్చబడెను. ప్రభుత్వము సుమారు 3,000 ఎకరములు సేకరించి పక్షికి విడిచెను. ఖర్చయినది, జాప్యమైనది, రైతునకు నీరు మాత్రము నిరాకరింపబడలేదు.

అయినను కాలువ కంటె చిక్కైన సంగతి వేరొకటి కలదు. పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టి పరచి అడుగుజాడలు పరిశీలించిరి. తమంతట తాము బొమ్మ తీయు కెమెరాలు పెట్టిరి. తేలిన దేమనగా, ఈ పక్షి దట్టమైన పొదలలో నుండదు, బోడినేలపైనను నుండదు. హెక్టారునకు 300 మొదలు 700 వరకు పెద్దపొదలుండి, నడుమ పరుగిడుటకు తెరపినేల యుండవలెను. అట్టి తెరపి యెట్లు కలిగినది? మేకలు మేయుటచేతను, పల్లెవారు వంటచెరకు కొట్టుకొనుటచేతను కొంత కలిగినది. మేతయు నరకుటయు మితిమీరిన పొద నశించును. మందలను పూర్తిగా వెడలగొట్టిన పొదలు కమ్ముకొని పరుగునకు చోటు మిగులదు. అడవికి కాపరి శత్రువని చదివి పెరిగిన మనకు ఇది వింతగానే తోచును. నాకును తోచినది.

ఇంతలో చుట్టుపట్ల పొదనేలలను యంత్రములతో చదును చేసి నిమ్మతోటలు వేసిరి. తన చేను బాగు చేసికొను రైతును నిందింప రాదు. కాని కంపనేల యనిన పనికిమాలిన బంజరని మనమందరము తలచుటచేత, దానిని చదును చేయునపుడు పోవున దేదియో అడుగువారు లేకపోయిరి. ఏ గుట్టమొదట ఎన్ని మేకలు, ఏ నెలలలో మేయవచ్చునో నిర్ణయించుటకు కొలబద్ద కావలెను. అది అధికారి బల్లపై తయారగునది కాదు. ఏ పొద ఏ యేట ఎంత పెరిగినదో, ఏ వంకలో రాత్రి ఏ కూత వినవచ్చునో అక్కడి కాపరికి తెలియును.

గత పదునైదేండ్లలో కలివికోడి కంటబడుట మిక్కిలి యరుదైనది. మునుపటివలెనే ముందుగా పల్లెలకు పోయి అడుగవలసి యున్నది.