సాగు కట్టడాలకు ప్రభుత్వ వాటా

రైతు తన పొలంలో బావి, నీటి కుంట, కల్లం, గోదాము, పశువుల కొట్టం వంటివి కట్టుకునేటప్పుడు ఖర్చులో కొంత ప్రభుత్వం భరించి, మిగతాది రైతు పెట్టుకునే ఏర్పాటు ఇది. ఊళ్లలో ప్రభుత్వం ఇచ్చేదాన్ని సబ్సిడీ అని, మిగతాదాన్ని రైతు వాటా అని అంటారు. విత్తనాల మీద ఇచ్చే రాయితీ ఒక్క పంటతో తీరిపోతుంది. కట్టడం మీద ఇచ్చేది ఏళ్ల తరబడి నిలుస్తుంది. కాబట్టి ఈ పథకాల చరిత్ర చదివేటప్పుడు శాతాలతో పాటు రెండు సంగతులు గమనించాలి: మొదటి రూపాయి ఎవరు తీయాలి? ఆ నేల ఎవరి పేరున ఉండాలి?

తెలుగు నేల మీద దీనికి పూర్వరూపం దశబంధం. చెరువు తవ్వించినవారికి, దాన్ని బాగుచేస్తూ కాపాడేవారికి ఆ నీటి కింద పండే భూమి రాబడిలో పదో వంతు వదిలిపెట్టడమో, ఆ మేరకు మాన్యం ఇవ్వడమో ఆనవాయితీ. విజయనగర కాలపు శాసనాల్లో ఈ మాట కనిపిస్తుంది. ఈస్టిండియా కంపెనీ పాలన వచ్చాక కూడా కడప, అనంతపురం, నెల్లూరు ప్రాంతాల్లో దశబంధ ఇనాములు లెక్కల్లో కొనసాగాయి. ఈ పద్ధతిలో ముందుగా సొమ్ము పెట్టేది తవ్వించేవాడే. రాజ్యం వాటా పని పూర్తయ్యాక, పంట పండాక దక్కేది.

ఆంగ్లేయుల పాలనలో వాటా పోయి అప్పు వచ్చింది. 1880 నాటి కరవు కమిషన్ నివేదిక తర్వాత, 1883లో భూమి అభివృద్ధి రుణాల చట్టం, 1884లో వ్యవసాయదారుల రుణాల చట్టం వచ్చాయి. ఇవే తక్కావీ అప్పులు. బావులు, చెరువులు, మురుగు కాలువలు, బంజరు చదును, కంచెలు వంటివన్నీ ‘అభివృద్ధి’ కిందికి వచ్చాయి. 1883 చట్టంలో ఒక చిన్న నిబంధన ఉంది: ఆ పని చేసే హక్కు ఉన్నవారు సమ్మతిస్తే, వేరొకరికీ అప్పు ఇవ్వవచ్చు. భూమి తన పేరున లేనివాడికి అందులో ఒక సన్నని దారి ఉండేది.

ఇతర దేశాలు వాటా పద్ధతిని చట్టంలో పెట్టింది ఇరవయ్యో శతాబ్దంలోనే. అమెరికా 1936 నుంచి నేల సంరక్షణ పనుల ఖర్చు పంచుకుంది. బ్రిటన్ 1957 వ్యవసాయ చట్టం కింద పొలం కట్టడాల ఖర్చులో మూడో వంతు గ్రాంటుగా ఇచ్చింది.

మన దగ్గర 1943లో మొదలైన ‘అధికాహారోత్పత్తి’ ఉద్యమం నాటికే అప్పుతో పాటు సబ్సిడీ అన్న ఆలోచన వచ్చింది. అయితే చిన్న రైతును వేరుగా గుర్తించడానికి మరో పాతికేళ్లు పట్టింది. బి. వెంకటప్పయ్య అధ్యక్షతన ఏర్పడిన గ్రామీణ పరపతి సమీక్షా సంఘం 1969లో చేసిన సిఫారసు వల్ల చిన్న రైతుల అభివృద్ధి సంస్థలు పుట్టాయి. ఆ బాటలోనే 1980 అక్టోబరు 2 నుంచి దేశంలోని అన్ని బ్లాకులకూ విస్తరించిన సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం, చిన్న రైతుకు 25 శాతం, సన్నకారు రైతుకు, కూలీకి మూడో వంతు, గిరిజనులకు 50 శాతం సబ్సిడీ ఇచ్చింది. ఎవరి స్తోమతను బట్టి వారికి వాటా అన్న ఈ మెట్ల లెక్క నేటికీ చాలా పథకాల్లో కనిపిస్తుంది.

2001 ఏప్రిల్ 1న మొదలైన గ్రామీణ గోదాముల పథకం మరో మలుపు. అప్పట్లో సాధారణ సబ్సిడీ 25 శాతం. గోదాము నగరపాలక సంస్థ హద్దులకు వెలుపల ఉండాలి. ఇక్కడ సబ్సిడీ నేరుగా రైతు చేతికి రాదు. బ్యాంకు అప్పు మంజూరు చేశాక, నాబార్డు ద్వారా వచ్చిన సబ్సిడీని బ్యాంకు విడిగా నిల్వ ఖాతాలో ఉంచుతుంది. ఆ మొత్తం మీద వడ్డీ వేయదు. అసలు తీరుతూ తీరుతూ చివరికి వచ్చాక ఆ సబ్సిడీతో బాకీ సరిపెడుతుంది. కట్టడం కట్టకుండా సబ్సిడీ తినేసే దారిని మూయడానికి ఇది మంచి ఏర్పాటే. కానీ తాకట్టు పెట్టగలిగినవాడే ఆ గుమ్మం దాటగలడు. రైతు పంటను నిల్వ చేసుకుని ధర వచ్చాక అమ్ముకోవాలన్నది పథకం ఆశయం. ఆ అవసరం ఎక్కువగా ఉన్న చిన్న రైతుకు బ్యాంకు మెట్లే అడ్డు.

తెలుగువారు దేశానికి దారి చూపింది బిందు సేద్యంలో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ సేద్య ప్రాజెక్టు 2003 నవంబరులో మొదలైంది. సూక్ష్మ సేద్యంపై చంద్రబాబు నాయుడు అధ్యక్షతన ఏర్పడిన జాతీయ కార్యదళం 2004లో నివేదిక ఇచ్చింది. 2006లో కేంద్ర పథకం వచ్చింది: ఖర్చులో కేంద్రం 40, రాష్ట్రం 10, రైతు 50 శాతం. ప్రస్తుతం కేంద్ర నిబంధనల ప్రకారం చిన్న, సన్నకారు రైతులకు 55 శాతం, ఇతరులకు 45 శాతం రాయితీ ఉంది. దానిపై రాష్ట్రాలు తమ సొమ్ము కలుపుతాయి. ఉద్యాన మిషన్ కింద ప్యాక్ హౌస్‌లకు, ఉల్లి నిల్వ షెడ్లకు, పాలీహౌస్‌లకు సగం ఖర్చు ఇచ్చే పద్ధతి 2005 తర్వాత స్థిరపడింది.

తెలంగాణ కల్లాల కథ చెప్పుకోదగ్గది. ధాన్యం రోడ్ల మీద ఆరబోసే అవస్థ తప్పించాలని, ఉపాధి హామీ నిధులతో పొలాల్లో సిమెంటు కల్లాలు కట్టే పనిని రాష్ట్రం 2020లో చేపట్టింది. ఎస్సీ, ఎస్టీ రైతులకు పూర్తిగా ఉచితం, మిగతావారికి పది శాతం వాటా. 2022లో కేంద్రం ఇవి అనుమతించిన పనులు కావంటూ, సుమారు రూ.151 కోట్లు తిరిగి కట్టమంది. తీర రాష్ట్రాల్లో చేపలు ఎండబెట్టే కల్లాలకు లేని అభ్యంతరం వడ్లకు ఎందుకని రాష్ట్రం వాదించింది. ఆ వాదనలో న్యాయం ఉంది. వరి పండే ఊళ్లో కల్లం బావి ఎంత అవసరమో అంత అవసరం. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ నిధులతోనే కట్టిన మినీ గోకులాల్లో పశువుల షెడ్డుకు రైతు వాటా 10 శాతం, గొర్రెలు, మేకల షెడ్డుకు 30 శాతం.

2020లో వచ్చిన లక్ష కోట్ల వ్యవసాయ మౌలిక వసతుల నిధి మళ్లీ అప్పు వైపే మొగ్గింది. రూ.2 కోట్ల వరకు రుణంపై ఏడేళ్ల పాటు 3 శాతం వడ్డీ రాయితీ, రుణానికి హామీ ఇస్తుంది. నేరుగా ఖర్చులో వాటా ఇవ్వదు. వేరే పథకం సబ్సిడీతో కలిపి వాడుకోవచ్చు.

కౌలు రైతు ఈ చరిత్రంతటా గట్టు మీదే నిలబడ్డాడు. ఏడాదికోసారి మారే కౌలు భూమిలో షెడ్డు వేయడానికి సొంతదారు ఒప్పుకోడు, పాసు పుస్తకం లేనిదే దరఖాస్తు కదలదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతుకిచ్చే కార్డు పంట రుణానికి, బీమాకు పనికొస్తుంది. దాని గడువు 11 నెలలు.