కంప్యూటర్ గడియారాల సమన్వయం: చరిత్ర, లోప నిర్ధారణ

నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లన్నీ ఒకే సమయం చూపేలా వాటి గడియారాలను ఎప్పటికప్పుడు సరిదిద్దే పద్ధతి సమయ సమన్వయం. వాడుకలో దీన్ని టైమ్ సింక్ అంటారు.

చిల్లుగిన్నె నీళ్లలో మునిగే 24 నిమిషాల వ్యవధిని గడియగా లెక్కించిన శతాబ్దాల్లో ఏ ఊరి పొద్దు ఆ ఊరిదే. సూర్యుడి లెక్కన కరీంనగర్‌లో మిట్టమధ్యాహ్నం ఆదిలాబాద్ కన్నా దాదాపు రెండున్నర నిమిషాలు ముందే అవుతుంది. ఈ తేడాను రైలు భరించలేదు. 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా 1906 జనవరి 1న బ్రిటిష్ ఇండియాలో ప్రామాణిక సమయం మొదలైంది. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల గుండా సాగే కాజీపేట–బల్లార్ష మార్గం 1929 నాటికి పూర్తయి, పెద్దపల్లి, మంచిర్యాల మీదుగా మద్రాసు, ఢిల్లీలను కలిపింది.

కంప్యూటర్‌లో కాలాన్ని కొలిచేది సెకనుకు 32,768 సార్లు కంపించే చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. పది లక్షలకు 20 వంతుల తేడా ఉన్నా అది రోజుకు 1.7 సెకన్లు తప్పుతుంది. ఎండాకాలపు వేడి, చలికాలపు చలి ఆ తప్పును ఇంకా మారుస్తాయి. దీనికి నిలకడైన పరిష్కారం చూపినవాడు అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ మిల్స్. 1981లో ఆయన పద్ధతి తొలి ప్రయోగం వివరాలు వెలువడ్డాయి. 1985 సెప్టెంబరులో నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్ (ఎన్‌టీపీ) తొలి నిర్వచనం, 1992లో మూడో రూపం, 2010లో నాలుగో రూపం వచ్చాయి. పుట్టుకతోనే గ్లకోమా ఉండి చూపు క్రమంగా తగ్గుతున్నా, మిల్స్ దశాబ్దాల పాటు ఈ పనిని వదలలేదు. ఆయన 2024 జనవరి 17న మరణించాడు.

ఎన్‌టీపీ కిటుకు నాలుగు క్షణాల్లో ఉంది: ప్రశ్న బయలుదేరినది, సర్వర్‌కు అందినది, జవాబు బయలుదేరినది, తిరిగి చేరినది. వీటి నుంచి దారిలో పట్టిన ఆలస్యాన్ని, గడియారం తేడాను విడదీస్తారు. రాకకూ పోకకూ సమాన సమయం పడుతుందన్నది ఇందులోని ఊహ. పోవడానికి 10, రావడానికి 50 మిల్లీసెకన్లు పడితే గడియారం 20 మిల్లీసెకన్లు తప్పుతుంది. అయినా పైకి అంతా సరిగ్గానే కనిపిస్తుంది.

లోపం వెతకడంలో మొదట చూడాల్సింది తేడా ఎంతన్నది. సరిగ్గా ఐదున్నర గంటలైతే అది సింక్ లోపం కాదు, టైమ్‌జోన్ పొరపాటు. ఒకే యంత్రంలో విండోస్, లైనక్స్ రెండూ ఉన్నప్పుడు ఇది తరచూ కనిపిస్తుంది. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో స్థానిక సమయం రాస్తుంది, లైనక్స్ దాన్ని గ్రీనిచ్ సమయంగా చదువుతుంది. కరెంటు పోయి వచ్చాక తేదీ ఏళ్లు వెనక్కి పోతే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టే. అలాంటప్పుడు బ్రౌజర్ సైట్ల సర్టిఫికెట్లను నమ్మదు. తేడా 1,000 సెకన్లు దాటితే ఎన్‌టీపీ ప్రోగ్రామ్ కూడా సరిదిద్దకుండా ఆగిపోతుంది. మొదటిసారి ఎంత తేడా ఉన్నా ఒప్పుకొమ్మని దానికి విడిగా చెప్పాలి. ఇక ఎన్‌టీపీ ప్రోగ్రామ్ చూపే స్థితి పట్టికలో ‘రీచ్’ గడి చూడాలి. అక్కడ 377 ఉంటే గత ఎనిమిది ప్రశ్నలకూ జవాబు వచ్చింది, 0 ఉంటే ఒక్కటీ రాలేదు. సున్నా కనిపిస్తే ఫైర్‌వాల్‌లో యూడీపీ 123 పోర్టు మూసి ఉందేమో చూడాలి.

సమయం తప్పితే నష్టం సామాన్యుడి దాకా చేరుతుంది. రేషన్ దుకాణంలోని వేలిముద్ర మిషను టైము హద్దు దాటి ముందుకు పోతే ఆధార్ వ్యవస్థ 562 ఎర్రర్ ఇస్తుంది. ముసలమ్మ వేలు ఎన్నిసార్లు తుడిచి పెట్టినా బియ్యం రావు. 1983లో తొలి యూనిట్ మొదలై 2,600 మెగావాట్లకు పెరిగిన రామగుండం ఎన్‌టీపీసీ లాంటి విద్యుత్ కేంద్రాల్లో అవసరం మరీ సూక్ష్మం. ట్రిప్ అయినప్పుడు ఏ బ్రేకర్ ముందు తెరుచుకుందో మిల్లీసెకన్లలో తేలాలి. అందుకే అక్కడి యంత్రాలకు జీపీఎస్ గడియారం కావాలి. 2003 ఆగస్టు 14న ఉత్తర అమెరికా చీకటిలో మునిగినప్పుడు రికార్డుల సమయాలు కలవక, ఘటనల వరుస తేల్చడం దర్యాప్తు బృందానికి ఎంతో కష్టమైంది.

భారతదేశంలో ప్రామాణిక సమయాన్ని న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల నిలుపుతుంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ గడియారాలను ఈ ప్రయోగశాల సర్వర్లతో గానీ, జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రం సర్వర్లతో గానీ, వాటికి అనుసంధానమైన సర్వర్లతో గానీ కలపాలి. పలు దేశాల్లో పనిచేసే సంస్థలు వేరే ఆధారం వాడవచ్చు గానీ, దాని సమయం ఈ ప్రయోగశాల, ఇన్ఫర్మాటిక్స్ కేంద్రాల సమయానికి భిన్నంగా ఉండకూడదు.