ప్రవక్తల వాక్కు – కాలము

భోజనసమయమున సైంధవము తెమ్మన్నచో ఉప్పనియు, ప్రయాణసమయమున అదే మాట యన్నచో గుఱ్ఱమనియు గ్రహింపవలెనని మన శాస్త్రకారులు చెప్పుదురు. ప్రకరణము నెఱుగక వాక్యార్థమును నిర్ణయింపరాదు. హెబ్రీ ప్రవక్తల గ్రంథములను చదువువారికి ఈ నియమము మిక్కిలి యవసరము.

ప్రవక్త యనగా జోస్యుడని పెక్కండ్రు తలంతురు. హెబ్రీ భాషలో 'నాబీ' యనబడు ఈ పురుషులు రాబోవు సంగతులను జెప్పినమాట నిజమే. కాని వారు తమ యెదుటనున్న రాజులను, న్యాయాధిపతులను, ధనికులను ఉద్దేశించి పలికిరి. ఆ కాలపు చరిత్ర తెలియనిచో ఒకరి మాట మఱియొకరి మాటకు విరుద్ధముగా దోచును. యెషయా, యిర్మీయాలే యిందులకు నిదర్శనము.

ఒకవైపు ఐగుప్తును, వేఱొకవైపు యూఫ్రటీసు, టైగ్రిసు నదీతీరములందలి అష్షూరు, బబులోనులును మహారాజ్యములు. వాని సేనలు నడచు త్రోవలో ఇశ్రాయేలు, యూదా యను రెండు చిన్న రాజ్యములుండెను. క్రీ. పూ. 745లో మూడవ తిగ్లత్పిలేసరు రాజైనపిదప అష్షూరు పడమటికి విజృంభించెను. క్రీ. పూ. 722 ప్రాంతమున ఇశ్రాయేలు రాజధానియగు షోమ్రోను కూలెను. ప్రజలలో ననేకులు చెఱగొనిపోబడిరి. యూదా మాత్రము కప్పము గట్టి నిలిచెను.

యూదా రాజగు హిజ్కియా యెదురుతిరుగగా, క్రీ. పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు దండెత్తివచ్చెను. ఆఱు ముఖములు గల మట్టి దిమ్మెపై అతడు వ్రాయించిన విజయలేఖ నీనెవె శిథిలములలో దొరకినది. ఇప్పుడది లండను నగరమున బ్రిటిషు మ్యూజియములో నున్నది. ప్రాకారములు గల 46 పట్టణములను బట్టితిననియు, హిజ్కియాను పంజరములోని పక్షివలె నిర్బంధించితిననియు అందు చెప్పుకొనెను. యెరూషలేమును బట్టితినని మాత్రము చెప్పలేదు. హిజ్కియా 30 తలాంతుల బంగారమిచ్చెనని ఆ లేఖయు, హెబ్రీ గ్రంథమును ఏకముగా బలుకుచున్నవి. శత్రువు ఈ నగరమున బ్రవేశింపడని యెషయా చెప్పియుండెను. నగరము నిలిచెను.

ఆ రక్షణము తరువాతివారికి సిద్ధాంతమయ్యెను. దేవాలయమున్నంతకాలము నగరమునకు భయము లేదని ప్రజలు నమ్మిరి. నూఱేండ్లు గడచెను. క్రీ. పూ. 612లో నీనెవె నశించి, బబులోను తలయెత్తెను. క్రీ. పూ. 609లో రాజైన యెహోయాకీము ఏలుబడి తొలినాళ్లలో యిర్మీయా దేవాలయమున నిలిచి, పరదేశిని, అనాథను, విధవను బాధించువారిని ఈ మందిరము కాపాడదని ప్రకటించెను. యాజకులతనిని జంపవలెననిరి. హిజ్కియా కాలమున మీకా యను ప్రవక్తయు నిట్లే హెచ్చరించెననియు, ఆ రాజతనిని జంపలేదనియు కొందఱు పెద్దలు జ్ఞాపకము చేసిరి.

క్రీ. పూ. 597లో బబులోనువారు నగరమును బట్టి, రాజును చెఱగొనిపోయిరి. అప్పుడును హనన్యా యను ప్రవక్త, రెండేండ్లలో ఈ కాడి విఱుగునని ధైర్యము చెప్పెను. ప్రజలకది ప్రియమయ్యెను. క్రీ. పూ. 586 ప్రాంతమున నగరము దగ్ధమయ్యెను, దేవాలయము నేలమట్టమయ్యెను.

హనన్యా పలికినది యెషయా నాటి యాశయే కదా! యెషయా సత్యవాది, హనన్యా అసత్యవాది యెట్లయిరి? రక్తసిక్తమైన చేతులతో నర్పించు బలులు దేవునకు హేయములని యెషయా తన నగరమునే నిందించెను. తరువాతివారు అభయమును దాచుకొని, నిందను విడిచిరి. పూర్వుల మాటను కాలమునుండి యూడదీసి తమ సుఖమునకు వాడుకొనుటయే హనన్యా చేసిన పని. ఏ దేశపు శాస్త్రమునకైనను ఇట్టి యపాయము కలదు.

ఆ జాతి గొప్పతన మొక్కటి గమనింపదగియున్నది. చెఱలో మిగిలినవారు తమకు ప్రియము పలికిన హనన్యా పేరున గ్రంథమును నిలుపలేదు. తమ నగరము కూలునని చెప్పి, దెబ్బలు తిని, బురదగోతిలో త్రోయబడిన యిర్మీయా మాటలనే పవిత్రగ్రంథముగా గాపాడుకొనిరి.