పరీక్ష మారింది, ‘మొదటి భాష’ మారలేదు

మన కళ్లముందే పబ్లిక్ పరీక్షలు ఎన్నోసార్లు మారాయి. ఒకప్పుడు ఏడో తరగతికీ ఉమ్మడి పరీక్ష ఉండేది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లలు బోర్డు పరీక్ష పాసవ్వాల్సిన అవసరం లేదంది. ఇక బడి చదువులో అందరూ దాటాల్సిన గడప పదో తరగతి పరీక్షే.

ఉమ్మడి రాష్ట్రంలో 11 పేపర్లుండేవి. 2012లో మార్కుల స్థానంలో గ్రేడ్లు వచ్చాయి. కరోనా వల్ల 2020, 2021 సంవత్సరాల్లో అందరినీ పాస్ చేశారు. 2022లో పేపర్లు ఆంధ్రప్రదేశ్‌లో 7కు, తెలంగాణలో 6కు తగ్గాయి. మెమో మీదికి మార్కులు ఆంధ్రప్రదేశ్‌లో 2022లో, తెలంగాణలో 2025లో తిరిగొచ్చాయి.

ఇన్ని మార్పుల్లోనూ కదలనిది ఒక్కటే: మన పిల్లలకు తెలుగు ‘మొదటి భాష’ అన్న లెక్క. మొదటి భాషలో పాసవ్వడానికి 35 మార్కులు కావాలి. రెండో భాష హిందీకి చాలాకాలంగా 20 చాలు. హిందీ ఇంటి భాష కాదు కాబట్టి ఆ సడలింపు న్యాయమే. మరి కోయ, గోండి, సవర, కువి మాట్లాడే ఇంట్లో పుట్టిన బిడ్డకు తెలుగు రెండో భాష కాదా? హిందీ మూడోది కాదా?

ఈ తేడా చిన్నది కాదు. గోండి, కోయ భాషల్లో ‘ఏర్’ అంటే నీళ్లు. తెలుగులో ‘ఏరు’ అంటే వాగు. చిన్నప్పుడు ఎవరూ విప్పి చెప్పని ఇలాంటి తికమకలు పోగుపడి పదో తరగతిదాకా వెంట వస్తాయి.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియనిది కాదు. 2004లోనే కోయ, గోండి, కొలామి, కొండ, కువి, సవర, బంజారా, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషల్లో ప్రాథమిక తరగతుల చదువు మొదలైంది. కానీ ఆ భాషలు పది పరీక్షదాకా రాలేదు. ఉర్దూ, తమిళం, కన్నడ, ఒడియా మాధ్యమాల్లో ప్రశ్నపత్రాలు ఇస్తున్నారు కాబట్టి వేరే భాషలో పరీక్ష పెట్టడం అసాధ్యమేమీ కాదు.

మనం అడుగుతున్నది దయామార్కులు కాదు, పిల్లల మొదటి భాషను మొదటి భాషగా లెక్కించడం. అదయ్యేలోగా మన చేతిలో ఉన్న పనీ ఉంది. మార్కులు తగ్గిన పిల్లలకు పాఠం రాలేదా, ప్రశ్న అర్థంకాలేదా అన్నది ఉపాధ్యాయులు నోటితో అడిగి తేల్చుకోవాలి. ‘పోల్చండి’, ‘విశ్లేషించండి’, ‘సమర్థించండి’ లాంటి ప్రశ్నల మాటలకు చదువుకున్న యువకులు తమ భాషలో అర్థాలు రాసి ఊరి బడికి ఇవ్వాలి.